రంగం వంట, మన పొయ్యి మీద



ఇతర దేశాల వంటల మీద మన ఇళ్ళల్లో ఆసక్తి పెరుగుతోంది. పిల్లలు నూడుల్సు అడుగుతారు. ఊరెళ్ళొచ్చిన వాళ్ళు అక్కడ ఏదో కొత్త వంట తిన్నామని చెబుతారు. వినగానే మనకూ చేసి చూడాలనిపిస్తుంది. ఆ వెంటనే సందేహాలు కూడా వస్తాయి. ఆ దినుసులు మన ఊళ్ళో ఎక్కడ దొరుకుతాయి? ఆ దేశం వెళ్ళి తింటే తప్ప అసలు రుచి ఇదీ అని ఎలా తెలుస్తుంది? మన చేతిలో పడితే అది కాస్తా పులుసో, ఉప్మానో అయిపోదా?

ఈ సందేహాలకు నాకు తెలిసిన సమాధానం ఒక్కటే. వంటలో పడే దినుసుల పేర్లు బట్టీ పట్టడం కాదు, ఏ దినుసు ఏ పని చేస్తోందో తెలుసుకోవాలి. పని తెలిస్తే, దొరకని దాని బదులు ఏది వేయవచ్చో, దేనికి బదులే లేదో మనకే బోధపడుతుంది. ఈ మాట గాలిలో చెప్పకుండా ఒక దేశపు వంటను తీసుకుని చూద్దాం. ఆ దేశం బర్మా. 1989 నుంచి దాని అధికారిక నామం మియన్మార్.

బర్మానే ఎందుకు ఎంచుకున్నామంటే, మన శ్రోతల్లో చాలామందికి అది పూర్తిగా పరాయి దేశం కాదు. రంగూన్‌ను మన పెద్దలు 'రంగం' అనేవారు. 'రంగం వెళ్ళాడు' అంటే ఉత్తరాంధ్రలో, గంజాం వైపు పల్లెల్లో వేరే అర్థం చెప్పక్కర్లేదు, పొట్ట చేతబట్టుకుని ఓడెక్కాడని. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపూరు రేవుల నుంచి మనవాళ్ళు ఓడలెక్కేవారు. యానాంకు దగ్గర్లోనే ఉన్న కోరంగి రేవు 1839 నాటి తుఫానులో దెబ్బతిన్నా, దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షల మందికి పైగా భారతీయులు ఉండేవారు. రంగూన్ నగరంలోనైతే జనాభాలో సగానికి పైగా వారే. తెలుగువాళ్ళే లక్షకు పైన. రేవులో బరువులు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు అందులో ఎక్కువ.

ఆ బతుకు నిలకడగా సాగలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య ఘర్షణలు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తరువాతి నెలల్లో లక్షల మంది వచ్చిన దారీ తెన్నూ తెలియక అడవులూ కొండలూ దాటుకుంటూ నడిచి వచ్చారు. దారిలో చనిపోయినవారు వేలల్లో ఉన్నారు. యుద్ధం తరువాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. తరువాతి రెండేళ్ళలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం అయ్యాయి. 1964లో యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. లక్షకు పైగా భారతీయులు ఆ కొద్ది సంవత్సరాలలో తిరిగి ఓడెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు, తమిళనాడు ఊళ్ళలో బర్మా కాలనీలు అలా ఏర్పడినవే. చెన్నై పారిస్ కార్నర్ దగ్గర బర్మా బజారు 1969లో వెలిసింది.

వచ్చిన వాళ్ళలో చాలామందికి ఆస్తి తెచ్చుకునే వీలు లేకపోయింది. రేవులో ఎవరూ తనిఖీ చేసి లాక్కోలేని సొత్తు ఒకటి మాత్రం వాళ్ళ వెంట వచ్చింది. అది చేతిలో ఉన్న వంట. బర్మా బజారు చుట్టుపక్కల వీధుల్లో ఆ వంటే తోపుడుబండి ఎక్కి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది.

ఆ బండ్ల మీద అమ్మే పదార్థానికి 'అత్తో' అని పేరు. బర్మా భాషలో 'అతోక్' అంటే చేత్తో కలిపినది అని అర్థం. గోధుమ నూడుల్సు, సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లి, వేయించిన వెల్లుల్లి, ఆ వెల్లుల్లి వేగిన నూనె, చింతపండు రసం, కారం, ఉప్పు, నిమ్మరసం అన్నీ ఒక గిన్నెలో వేసి చేత్తో కలుపుతారు. పైన 'బేజో' అనే కరకరలాడే పలుచని అప్పాన్ని నలిపి వేస్తారు. బర్మా భాషలో 'పె' అంటే పప్పుగింజ, 'జో' అంటే వేయించినది. పక్కన అరటి దూట వేసి కాచిన వేడి సూపు ఒక గిన్నెడు ఇస్తారు.

ప్రయాణంలో ఇలాంటి చోటికి వెళ్ళినప్పుడు చూడవలసింది ఏమిటి? మొదట తినకండి, కాసేపు నిలబడి చూడండి. అత్తో కలిపే మనిషి ఏ వరుసలో ఏది వేస్తున్నాడు? పొయ్యి మీద ఏది ఉంది, పొయ్యి దిగాక ఏది పడుతోంది? పులుపు మొదటే వేశాడా, ఆఖర్నా? తరువాత తినేటప్పుడు ఒక్కొక్కటీ విడిగా నోట్లో వేసుకుని చూడండి. నూనె రుచి వేరు, పులుపు వేరు, కరకర వేరు. ఆ తరువాత అడగండి. 'ఎలా చేస్తారు' అని అడిగితే జవాబు రాదు, బేరాల వేళ ఎవరికీ తీరిక ఉండదు. 'ఈ వెల్లుల్లి నూనె ఎందుకు పోస్తున్నారన్నా?' అని ఒక్క ప్రశ్న అడిగితే చటుక్కున చెబుతారు. బజార్లో పది ఊళ్ళ భాషలు నలిగినవాళ్ళు, తెలుగులో అడిగినా కొందరు తెలుగులోనే బదులిస్తారు.

ఇక అత్తో పక్కన ఇచ్చే ఆ సూపుకు మూలం ఏమిటో చూద్దాం. అది బర్మావాళ్ళు పొద్దున్నే తినే 'మొహింగా'. మనకు ఇడ్లీ ఎలాగో వాళ్ళకు అది అలాగ. సన్నని బియ్యపు నూడుల్సు మీద చిక్కని చేప పులుసు పోసి, పైన వేయించిన పప్పు వడ, ఉడికించిన గుడ్డు, కొత్తిమీర, నిమ్మరసం వేసుకుంటారు. ఇందులో ఒక్కొక్క దినుసు పనీ చూడండి.

మొదటిది చేప. అక్కడ నదుల్లో దొరికే మీసాల చేప వాడతారు. మన జెల్ల, వాలుగ లాంటివి. ముల్లుతో సహా ఉడికించి, మాంసం విడదీసి, ఆ నీటిని వడగట్టి దాచుతారు. చేప పని ఇక్కడ ముక్కగా కనబడటం కాదు, పులుసులో కలిసిపోవడం. కాబట్టి ముక్క విడిపోని గట్టి చేప ఎంత ఖరీదైనదైనా దీనికి పనికిరాదు.

రెండవది నిమ్మగడ్డి. దాని పని నీచు వాసన తగ్గించి, పుల్లగా లేకుండానే నిమ్మ వాసన ఇవ్వడం. నిమ్మరసం దానికి బదులు కాదు. నిమ్మరసం పులుపు ఇస్తుంది, మరిగితే వాసన పోతుంది. నిమ్మగడ్డి దొరక్కపోతే నిమ్మ ఆకులు నాలుగు నలిపి వేసి, దించే ముందు తీసేయవచ్చు. నిమ్మగడ్డి కుండీలో కూడా పెరుగుతుంది, ఒక దుబ్బు నాటుకుంటే ఏడాదంతా సరిపోతుంది.

మూడవది చేపల నుంచి తీసిన ఉప్పు ద్రావకం, అంటే ఫిష్ సాస్. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీస్తారు. దీని పని ఉప్పదనం ఒక్కటే కాదు. 1908లో కికునాయె ఇకేదా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి గ్లుటమేటు అనే పదార్థాన్ని వేరుచేసి, నాలుక గుర్తుపట్టే ఒక ప్రత్యేకమైన రుచికి అదే కారణమని చెప్పాడు. దానికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. ఊరిన చేప, ఎండు రొయ్య, బాగా పండిన టమాటా, సోయా సాసు వీటన్నిటిలో అది ఉంటుంది. పని తెలిసింది కనుక బదులు కూడా తెలిసిపోయింది. మన ఎండు రొయ్యలను వేయించి పొడి చేసి ఒక చెంచాడు వేస్తే ఆ పని చాలావరకు జరుగుతుంది. గోదావరి, యానాం వైపు వారికి ఎండు రొయ్యల సంగతి నేను చెప్పనక్కర్లేదు. అయితే రొయ్య పడనివాళ్ళు ఇంట్లో ఉన్నారేమో ముందే కనుక్కోండి. రక్తపోటు ఉన్నవాళ్ళు ఫిష్ సాస్ వాడితే విడిగా వేసే ఉప్పు తగ్గించాలి.

నాలుగవది చిక్కదనం. దీనికి రెండు పిండులు వాడతారు. ఒకటి దోరగా వేయించిన శనగపిండి, రెండవది వేయించి దంచిన బియ్యప్పిండి. శనగపిండి చిక్కదనం ఇస్తుంది, వేగిన బియ్యం కమ్మని వాసన ఇస్తుంది. శనగలను బర్మా భాషలో ఏమంటారో తెలుసా? 'కలా పె', అంటే భారతీయుల పప్పు అని. 'కలా' అనే మాటను మనుషుల మీద వాడితే ఈనాడు తిట్టుగా లెక్క. గింజ పేరులో మాత్రం అది మిగిలిపోయింది. ఆ శనగపిండితోనే అక్కడి షాన్ ప్రాంతం వాళ్ళు జున్నులాగా గడ్డకట్టే ఒక పదార్థం చేస్తారు. సోయా లేకుండా చేసే టోఫు అది. మొహింగా మీద వేసే పప్పు వడకు మన మసాలా వడకు పోలిక ఒక్క చూపులో తెలుస్తుంది. కాబట్టి రంగం నుంచి మనకు వచ్చిన వంటలో కొంత భాగం ఇక్కడి నుంచి వెళ్ళినదే.

ఐదవది అరటి దూట. తమిళంలో వాళైత్తండు, కన్నడంలో బాళెదిండు, ఒడియాలో కదళీ మంజ అంటారు. అది పులుసును పీల్చుకుని, మెత్తబడినా పంటికి తగులుతుంది. దానికి సరైన బదులు లేదు. దొరక్కపోతే మానేయడం మేలు. సొరకాయ వేస్తే పులుసు పలచబడుతుంది.

ఇప్పుడు నలుగురికి సరిపడే కొలత చెబుతాను, కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

అరకిలో చేపను శుభ్రం చేసి, రెండు లీటర్ల నీళ్ళలో రెండు నిమ్మగడ్డి కాడలు నలిపి వేసి, అర చెంచా పసుపుతో ఉడికించండి. పావుగంట చాలు. చేపను తీసి, ముళ్ళు ఏరి, మాంసాన్ని మెదిపి ఉంచండి. నీటిని వడగట్టండి. పెద్ద ఉల్లిపాయలు మూడు, వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, అంగుళం అల్లం, ఎండుమిరపకాయలు నాలుగు, మిగిలిన నిమ్మగడ్డి కాడ ఒకటి మెత్తగా నూరండి. ఐదు పెద్ద చెంచాల నూనె కాచి ఈ ముద్దను సన్నని సెగ మీద వేయించండి. ఎంతసేపు అంటే నూనె పైకి తేలేదాకా. బర్మా వంటకు ఇది ప్రాణం. 'నూనె తిరిగి రావడం' అనే అర్థంలో దానికి వాళ్ళ భాషలో ఒక మాటే ఉంది. మొదట ఉల్లిలోని తడి నూనెతో కలిసి ఉంటుంది, తడి ఆవిరైపోయాక నూనె విడిపోతుంది. అంతవరకు ఆగకపోతే పచ్చి వాసన చివరిదాకా పోదు.

ఇప్పుడు చేప మాంసం వేసి ఐదు నిమిషాలు వేయించి, వడగట్టిన నీళ్ళు పోయండి. నాలుగు పెద్ద చెంచాల వేయించిన శనగపిండి, రెండు పెద్ద చెంచాల వేయించిన బియ్యప్పిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పోయండి. వేడి నీళ్ళలో కలిపితే ఉండ కడుతుంది, గుర్తుంచుకోండి. జానెడు అరటి దూటను చక్రాలుగా తరిగి, వేలికి నార చుట్టి లాగేసి, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేసి ఉంచుకున్నది కడిగి ఇందులో వేయండి. గుప్పెడు చిన్న ఉల్లిపాయలు ఒలిచి అలాగే వేయండి. ఎండు రొయ్యల పొడి ఒక చెంచా, లేదా ఫిష్ సాస్ రెండు చెంచాలు. అరగంట మరగనివ్వండి, అడుగు అంటకుండా కలుపుతూ ఉండండి. ఉప్పు ఆఖర్న చూసి వేయండి.

బియ్యపు నూడుల్సు కోసం పొట్లం వెతకనక్కర్లేదు. తమిళనాడులో ఇడియాప్పం, కర్ణాటకలో బియ్యపు శావిగె ఎక్కడైనా చేస్తారు. పని ఒకటే. వాటి మీద పులుసు పోసుకుని, పప్పు వడ చిదిమి, గుడ్డు కోసి, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండుకోండి. నిమ్మకాయ గిన్నెలో కాదు, ఎవరి పళ్ళెంలో వారే.

శాకాహారులు అడుగుతారు, మా మాటేమిటని. చేప బదులు టమాటాలు, పుట్టగొడుగులు, ఒక చెంచా సోయా సాసు వేసి ఇదే వరుసలో చేయవచ్చు. మంచి పులుసే అవుతుంది. కానీ దాన్ని మొహింగా అని చెప్పి వడ్డించకండి. మొహింగా పద్ధతిలో చేసిన కూరగాయల పులుసు అని చెప్పండి. మార్చుకోవడంలో తప్పు లేదు. ఏది మార్చామో మనకు తెలిసి ఉండాలి, తినేవాళ్ళకూ తెలియాలి.

ఇది చాదస్తం అనిపిస్తుందేమో. కాదని చెప్పడానికి ఒక పాత కథ ఉంది. మెక్సికో, మధ్య అమెరికా ప్రజలు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టె చేసుకునేవారు, ఇప్పటికీ చేసుకుంటారు. యూరపువాళ్ళు సముద్రం దాటి మొక్కజొన్నను తెచ్చుకున్నారు. సున్నపు నీటి పని ఏమిటో తెలుసుకోలేదు, వదిలేశారు. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఆ సున్నపు నీటి వల్లనే ఒంటికి పడుతుంది. ఉత్తర ఇటలీలో మొక్కజొన్న జావే తిని బతికిన పేదలు 18, 19 శతాబ్దాలలో పెల్లాగ్రా అనే జబ్బు పాలయ్యారు. చర్మం పగిలి, విరేచనాలు పట్టి, మతి చలించి ఎందరో చనిపోయారు. నియాసిన్ ఈ జబ్బును కుదురుస్తుందని 1937లో గాని తేలలేదు. గింజను తెచ్చుకుని, పద్ధతిని అక్కడే వదిలేసి రావడానికి ఒక దేశం చెల్లించిన ధర అది.

అందుచేత ఏ దేశపు వంట ఎదురైనా ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి. కడుపు నింపేది ఏది? ఉప్పుతో పాటు రుచికి లోతు ఇచ్చేది ఏది? పులుపు ఎక్కడిది, ఎప్పుడు పడుతుంది? చిక్కదనం దేనివల్ల? ఆఖర్న పైన వేసేది ఏది, ఎందుకు? ఇథియోపియా వారి ఇంజెరా తీసుకోండి. టెఫ్ అనే చాలా చిన్న గింజ పిండిని రోజుల తరబడి పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చే అట్టు అది. పై ప్రశ్నలు వేసుకుంటే కడుపు నింపేదీ, పులుపు ఇచ్చేదీ అందులో ఒకటేనని తెలుస్తుంది. దోసె పిండి పులియబెట్టడం తెలిసిన చేతికి అది కష్టమైన పని కాదు.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్న తరువాత బర్మా అంతర్యుద్ధంలో పడింది. విహారానికి అక్కడికి వెళ్ళి వంట నేర్చుకునే రోజులు కావివి. కానీ ఆ వంట తెలిసినవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. 1964లో ఇరవై ఏళ్ళ వయసులో ఓడ దిగిన మనిషికి ఈనాడు ఎనభై దాటాయి. పదేళ్ళ పిల్లగా వచ్చిన ఆవిడకు డెబ్భై దాటాయి. విశాఖలో, బరంపురంలో, చెన్నైలో, కాకినాడలో, యానాంలో ఏ ఇంట్లోనో ఒక మామ్మగారు పండగ పూట ఇప్పటికీ ఆ పులుసు కాస్తూ ఉండవచ్చు. పిల్లలు దాన్ని 'మామ్మ పులుసు' అంటారు, దాని అసలు పేరు తెలియదు. ఆవిడతో పాటే ఆ కొలత కూడా పోతుంది.

అలాంటివాళ్ళు మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉంటే 'ఎలా చేస్తారో చెప్పండి మామ్మగారూ' అని ఊరుకోవద్దు. నోటితో చెప్పేటప్పుడు చేతికి తెలిసినవి సగం మరిచిపోతారు. పక్కన నిలబడి ఆవిడతో కలిసి వండండి. ఆవిడ గుప్పెడు వేస్తే, ఆ గుప్పెడు గిన్నెలో వేసే ముందు త్రాసులో వేయండి. చారెడు అంటే ఎంతో, 'కాస్త' అంటే ఎంతో కాగితం మీద తూకంలో రాసుకోండి. ఈ దినుసు రంగంలో ఉన్నప్పుడు కూడా ఇదే వేసేవారా, ఇక్కడికొచ్చాక మార్చారా అని అడగండి. మార్చి ఉంటే ఎందుకు మార్చారో అడగండి. దొరక్కా, ఖరీదు ఎక్కువయ్యా, పిల్లలు తినకా? ఆ జవాబుల్లో వంటతో పాటు ఆ కుటుంబం నడిచి వచ్చిన దారి కూడా ఉంటుంది. తేదీ, ఊరు పేరు కింద రాసి పెట్టండి. కాగితం ఒకటి ఆ ఇంట్లోనే వదిలి రండి.

ప్రపంచపు వంటలు నేర్చుకోవాలంటే దూరదేశాలకే వెళ్ళనక్కర్లేదు. దూరం వెళ్ళి వచ్చినవాళ్ళు పక్కింట్లో ఉంటే, ముందు ఆ తలుపు తట్టండి.